వెనక వరుసలోంచి వచ్చిన గొంతు

ఎడారి వైపు నుంచి దుమ్ముగాలి మొదలయిందంటే కులిబోగులో సూర్యుడు గంజి రంగులో ఉదయిస్తాడు. ఆ గురువారం పొద్దున కూడా అలాగే ఉదయించాడు. షేతు పొయ్యి ముందు కూర్చుని సజ్జ గంజి కలుపుతూ, మధ్యమధ్యలో దగ్గుతూ, కాళ్లకు అడ్డం పడుతున్న గిన్నెకోళ్లను అదిలిస్తోంది. ఆమె కూతురు వుంపిని అలసంద గారెలు నూనెలోంచి తీసి చిల్లుల గిన్నెలో వేస్తోంది. ఇంటి పెద్ద అఫా సుమానీ నమాజుకు కాళ్లూచేతులూ కడుక్కుని వజూ చేసుకున్న కూజా పక్కన పెట్టి, గోడకు చేరగిలబడి, కూతురి పని ఎప్పుడు తెములుతుందా అని చూస్తున్నాడు.

అఫా అంటే మా వైపు దైవగ్రంథం చదువు చెప్పే గురువు. ఊళ్లో అఫాలు ఇంకా ఉన్నారు కానీ, ఉత్త అఫా అంటే మాత్రం సుమానీయే. ఒకప్పుడు వేపచెట్టు కింద చెక్కపలకలతో ఆయన మొదలుపెట్టిన బడే ఇప్పుడు కులిబోగు ఇస్లామిక్ ప్రభుత్వ హైస్కూలు. సర్కారు దాన్ని తీసుకున్నాక గదులొచ్చాయి, హాస్టలు వచ్చింది, దక్షిణాది నుంచి చర్చికి వెళ్లే కెమిస్ట్రీ మాస్టారు కూడా వచ్చాడు. అయినా ఊళ్లో వాళ్లు పిల్లల్ని పంపేటప్పుడు "అఫా బడికి పో" అనే అంటారు. ఆయన కొడుకు హరూనా లెక్కల్లో పట్టా పుచ్చుకుని, ఎక్కడెక్కడో పనిచేసి, చివరికి అదే బడికి హెడ్మాస్టరుగా బదిలీ అయి వచ్చిన రోజున షేతు వీధంతా శుభానికి పంచే కోలాగింజలు పంచింది.

"వుంపీ, రా. నీ పాఠం అప్పజెప్పు" అని పిలిచాడు అఫా.

ఆమె చేతులు తుడుచుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. తమాలే పట్నంలో అరబిక్ చదివి వచ్చిన పిల్ల, బడిలో చిన్న తరగతి ఆడపిల్లలకు చదువు చెబుతోంది. ఆమెకు అప్పజెప్పాల్సిన అవసరం లేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, పొయ్యి దగ్గరున్న తల్లికీ తెలుసు. ఆమె అప్పజెప్పేది ఆ రోజు అఫా పెద్ద తరగతికి చెప్పబోయే పాఠం. ఆమె చదువుతుంటే ఆయన పెదవులు కూడా కదులుతాయి. ఎక్కడైనా ఆ పెదవులు ఆగిపోతే ఆమె ఆ వాక్యాన్ని, తనకే నోరు తిరగనట్టుగా, ఇంకోసారి చదువుతుంది. ఇలా ఎన్నాళ్లుగా జరుగుతోందో ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. తల్లీకూతుళ్లు కూడా మాట్లాడుకోలేదు. ఇంట్లో పైకప్పు ఒకచోట కారుతుంటే కింద గిన్నె పెట్టి ఊరుకున్నట్టుగా ఊరుకున్నారంతే.

ఆ రోజు పాఠం బాగానే సాగింది. గంజి తాగి లేస్తూ అఫా, "వుంపీ, రా. నీ పాఠం అప్పజెప్పు" అన్నాడు మళ్లీ.

షేతు చేతిలో గరిటె ఆగింది. వుంపిని ఒక్క క్షణం తల్లి వైపు చూసి, వచ్చి కూర్చుని, మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది.

*

ఆ సాయంత్రం బడి మసీదులో నమాజుకు అఫాయే ముందు నిలబడ్డాడు. ఎప్పుడూ నిలబడేది ఆయనే. వెనక మొదటి వరుసలో హరూనా, మాస్టార్లు, ఊరి పెద్దలు. వాళ్ల వెనక మగపిల్లల వరుసలు. తెల్లటి పరదాకు ఇవతల ఆడపిల్లలు, వాళ్లతోపాటు వుంపిని, షేతు.

అఫా గొంతు ఇప్పటికీ కంచు. ఆయన ఆ రోజు ఎత్తుకున్నది దైవగ్రంథంలోని ఒక పొడుగాటి సూరా, అంటే అధ్యాయం. అందులో ఒకే వాక్యం మళ్లీ మళ్లీ వస్తుంది. కంఠస్థం బాగా ఉన్నవాడికి ఆ వాక్యం ఊయల లాంటిది. పట్టు తప్పినవాడికి మాత్రం అది నాలుగుదారుల కూడలి. ఎటు వెళ్లినా మళ్లీ అక్కడికే వస్తాడు.

అఫా అక్కడికే వచ్చాడు. వచ్చి, ముందుకు వెళ్లాల్సింది వెనక్కి వెళ్లి, ఇందాక చదివిందే చదివి, మళ్లీ అక్కడికే వచ్చాడు. మూడోసారి వచ్చినప్పుడు మగపిల్లల వరుసల్లో వీపులు కదిలాయి. అది నవ్వో భయమో తెలియదు.

ముందు నిలబడిన మనిషి తప్పితే వెనకనున్న వాళ్లు తర్వాతి మాట అందించడం మర్యాద. మగవాళ్లయితే గొంతుతో, ఆడవాళ్లయితే చేతి మీద చేతితో తట్టి. మొదటి వరుస మౌనంగా ఉంది. పెద్దలు అఫాకు అందించేవాళ్లు కారు. ఆయన తప్పుతాడని వాళ్లెవరికీ ఊహలో కూడా లేదు. ఇక హరూనా తలవంచుకుని రాయిలా నిలబడ్డాడు.

వుంపిని చేతి మీద తట్టింది. ఆగి, ఇంకోసారి తట్టింది. అఫా గొంతు ఆగి, తడబడి, మళ్లీ ఆ పాత దారినే పట్టింది.

అప్పుడు పరదా ఇవతలి నుంచి ఆమె ఆ తర్వాతి వాక్యాన్ని గొంతెత్తి చదివింది. మసీదు మొత్తానికీ వినపడింది.

తర్వాత అఫా ఆ వాక్యాన్ని అందుకుని, చివరిదాకా ఎక్కడా తడుముకోకుండా చదివేశాడు. నమాజు ముగిశాక ఎవరి ముఖమూ చూడకుండా చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

*

మర్నాడు పొద్దున పొయ్యి వెలగకముందే ఆయన ముగ్గుర్నీ లోగిట్లోకి పిలిచాడు. వేరే వాడలో కాపురముంటున్న హరూనాకు కూడా కబురు పంపాడు. హరూనా బడికి వెళ్లే బట్టల్లోనే వచ్చాడు.

"నిన్న నా నమాజులో ఆడగొంతు వినపడింది" అన్నాడు అఫా. "ఎవరిదది?"

"నాదే నాన్నా."

"ఎందుకు?"

వుంపిని నిలబడే ఉంది. "మీరు ఒకచోటికే తిరిగి తిరిగి వస్తున్నారు. ఎవరైనా అందిస్తారేమోనని చూశాను. చేత్తో తట్టాను. మీకు వినపడలేదు."

అఫా ముఖంలో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ కనిపించింది. ఆయనకు నిజంగానే గుర్తు లేదు. ఆయన జ్ఞాపకంలో ఆ నమాజు నున్నగా, ఎక్కడా ముడి లేని దారంలా సాగింది. మధ్యలో ఎవరో దాన్ని కోశారంతే.

"నేను ఎక్కడికీ తిరిగి రాలేదు" అన్నాడు. "ఏరా హరూనా, నువ్వు నా వెనకే నిలబడ్డావు. నేను తప్పి ఉంటే నువ్వు అందించేవాడివి. అందించలేదు. మరి నేను తప్పానా?"

హరూనా చెల్లెలి వైపు చూడలేదు. తండ్రి కాళ్ల దగ్గరున్న చాప అంచు వైపు చూశాడు.

"నాకేం తప్పు వినపడలేదు నాన్నా" అన్నాడు.

అఫా భార్య వైపు తిరిగాడు. షేతు తలమీది గుడ్డ ముఖం మీదికి లాక్కుంది. తనకు చదువు రాదనీ, వెనక ఎక్కడో నిలబడ్డ దానికి ఏం తెలుస్తుందనీ గొణిగింది. వుంపిని తల్లి వైపు తిరిగి చూసింది. అమ్మ ఆ సాయంత్రం నమాజులో తన పక్కనే నిలబడి, తన మోచెయ్యి పట్టుకుని వణికింది.

"చూశావుగా" అన్నాడు అఫా కూతురితో, గొంతు పెంచకుండానే. "ఇంతమందిలో నీ ఒక్కదానికే వినపడింది. నేను నీకు ఈ చదువు చెప్పింది నన్ను పదిమందిలో తల దించుకునేలా చెయ్యడానికా? వచ్చే శుక్రవారం నమాజయ్యాక నువ్వు అందరి ముందూ ఒప్పుకోవాలి. అఫా తప్పలేదు, తప్పు విన్నది నేను అని. అప్పటిదాకా నీ చేతి తిండి నాకొద్దు."

*

కులిబోగులో మాట దుమ్ము కంటే తొందరగా పాకుతుంది. ఆ వారమంతా వుంపిని బావి దగ్గరికి వెళితే ఆడవాళ్లు మాట మార్చేవారు. ముసలాళ్లు ఒకరి తర్వాత ఒకరు అఫా దగ్గరికి వచ్చి కూర్చుని, కాలం పాడైపోయిందని, తమాలే నీళ్లు తాగిన ఆడపిల్లలకు పెద్దాచిన్నా ఉండదని అనేవారు. ఒకాయన అయితే, పెళ్లీడు దాటకుండా దీన్ని ఎవరి చేతిలోనో పెట్టెయ్యవయ్యా, గొంతు దానంతటదే తగ్గుతుందని నవ్వాడు. వుంపిని అప్పుడు పక్కగదిలో చిన్న తరగతి పుస్తకాలు దిద్దుతోంది. పుస్తకం మూయకుండా అన్నీ విన్నది.

ఇంట్లో షేతు ఒక్కతే సంకటి వండి భర్తకు పెడుతోంది. కూతురు ఆకుకూర తరిగిందని తెలిస్తే ఆయన పులుసు ముట్టుకోడు. అడగడు కూడా, ఊరికే గిన్నె పక్కకు జరుపుతాడు. పొద్దున పాఠం అప్పజెప్పడం ఆగిపోయింది. దాని ఫలితం బడిలో కనపడింది. పెద్ద తరగతి పిల్లలు ఒకే పాఠాన్ని వరసగా రోజూ విన్నారు. వాళ్లకు చివరి పరీక్షలు దగ్గర పడ్డాయి. లమీసి అనే అమ్మాయి, ఆ తరగతిలో అందరికంటే చురుకైనది, సాయంత్రం వుంపిని దగ్గరికి వచ్చి ఏడుపు గొంతుతో అడిగింది. "అఫా కొత్త పాఠం ఎప్పుడు మొదలుపెడతారో మీరు అడగరా మేడమ్? మాకు అడగాలంటే భయంగా ఉంది."

వుంపిని నేరుగా అన్న ఆఫీసుగదికి వెళ్లింది.

హరూనా తలుపు వేసి కూర్చోమన్నాడు. తన పద్ధతి తనకుందని నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. నాన్నది రిటైరయిన వయసు, ఉద్యోగం ఏటేటా పొడిగింపు మీద నడుస్తోంది. ఈసారి పొడిగింపు ఇవ్వలేమని జిల్లా ఆఫీసు చేత అనిపిస్తానన్నాడు. తప్పు ఆఫీసుది అవుతుంది, వయసుది అవుతుంది, మతిమరుపు ఊసే రాదు. నాన్న పరువు నిలబడుతుంది.

"మరి నా మాట?" అంది వుంపిని.

"శుక్రవారం నువ్వు ఒక్క మాట అనెయ్. పొరపాటున విన్నానని. రెండు రోజుల్లో అందరూ మర్చిపోతారు. ఆ తర్వాత పెద్ద తరగతి నీకే ఇస్తాను. నీకంటే బాగా చెప్పేవాళ్లు ఈ జిల్లాలోనే లేరు."

"గొంతెత్తినందుకు క్షమాపణ చెబుతాను అన్నయ్యా. అది అడిగితే ఇప్పుడే వెళ్లి నాన్న కాళ్లు పట్టుకుంటాను. కానీ ఆయన తప్పలేదని మాత్రం చెప్పను. నమాజులో విన్నదాన్ని, నమాజయ్యాక విననట్టు ఎలా చెప్పను?"

"నాన్న కోసం కూడానా?"

"నువ్వు చెప్పింది నాన్న కోసమా?" అంది ఆమె. "నువ్వు ఆ రోజు వినపడలేదన్నావు. దాంతో ఏమయిందో చూశావా? ఆయన నిజంగానే తప్పలేదని నమ్ముతున్నారు. నేను అబద్ధాలకోరునని నమ్ముతున్నారు. రేపు ఆఫీసు కాగితం వస్తే, అది కూడా నేనే తెప్పించానని నమ్ముతారు. నువ్వు ఆయన పరువు కాపాడటం లేదు. తప్పంతా నా మీదికి తోస్తున్నావు."

హరూనా కిటికీలోంచి బయటికి చూశాడు. మైదానంలో తెల్ల ముసుగుల ఆడపిల్లలు దుమ్ములో నడుస్తుంటే పాదాలు కనపడటం లేదు.

"నీకు తెలియంది ఒకటుంది వుంపీ" అన్నాడు చివరికి. అదేమిటో మాత్రం చెప్పలేదు.

*

వుంపిని అన్నట్టే జరిగింది. ఆఫీసు నుంచి కబురొచ్చింది. రేపటి నుంచి అఫా సుమానీ పాఠాలు చెప్పనక్కర్లేదని, ఆయన సేవలకు కృతజ్ఞతలని. హరూనా స్వయంగా ఇంటికి వచ్చి ఆ సంగతి ఎంతో మెత్తగా చెప్పాడు. అఫా అంతా విని, ఒకే ఒక్క మాట అడిగాడు. "నా తరగతి ఎవరికిస్తారు?"

హరూనా సమాధానం చెప్పేలోపే ఆయన కూతురి వైపు చూశాడు. ఆ చూపులో తండ్రి లేడు. ఎవరో కొత్త మనిషి ఉన్నాడు. వుంపిని తట్టుకోలేక లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున అఫా ఎప్పటిలాగే ఉతికిన తెల్ల అంగీ తొడుక్కున్నాడు. షేతు ఎక్కడికని అడిగితే "బడికి" అన్నాడు. ఆపుదామని ఆమె ముందుకు వచ్చింది కానీ, చేతులు ఎలా చాపాలో తెలియక అలాగే నిలబడిపోయింది. ఆయన వీధి మలుపు తిరిగాక, చెప్పులు కూడా లేకుండా వెనకాలే పరిగెత్తింది.

పెద్ద తరగతిలో అప్పుడే వుంపిని పాఠం మొదలుపెట్టింది. తలుపు దగ్గర నీడ పడగానే పిల్లలంతా లేచి నిలబడ్డారు. అఫా లోపలికి వచ్చి, ఆమె చేతిలోని సుద్దముక్క తీసుకుని, బల్ల మీద పెట్టాడు.

"మీ హెడ్మాస్టరును పిలవండి" అన్నాడు పిల్లలతో.

హరూనా వచ్చేసరికి వరండా నిండా పక్క తరగతుల పిల్లలు చేరారు. కెమిస్ట్రీ మాస్టారు వాళ్లను తోలుతున్నాడు కానీ ఆయన కూడా వెళ్లడం లేదు. హరూనా తండ్రి దగ్గరికి వచ్చి, ఇంటికి వెళ్లి మాట్లాడుకుందామని, పిల్లల ముందు వద్దని గుసగుసగా బతిమాలాడు.

"పిల్లల ముందే కావాలి" అన్నాడు అఫా. "ఆ రోజు నా వెనక నిలబడింది వీళ్లే. నా దగ్గర చదువుకున్నది వీళ్లే. నేను తప్పానని నీ చెల్లెలు అంటోంది. తప్పలేదని నువ్వన్నావు. నా పిల్లలిద్దరిలో ఒకరు అబద్ధం ఆడారు. ఆ అబద్ధం మీద ఈ తరగతి చేతులు మారింది. ఎవరు అబద్ధం ఆడారో నువ్వు ఇక్కడ చెప్పు. చెబితే నేను వెళ్లిపోతాను."

వుంపిని అన్న వైపు చూడకూడదనుకుని గోడ వైపు చూసింది. అతను మళ్లీ తన మీదే వేస్తే ఏం చెయ్యాలో ఆమె రాత్రంతా ఆలోచించి పెట్టుకుంది. ఏమీ అనకుండా బయటికి నడిచి, తమాలే బస్సు ఎక్కేస్తుంది.

హరూనా కళ్లద్దాలు తీశాడు. మాట్లాడినప్పుడు, అది హెడ్మాస్టరు గొంతులా లేదు.

"అబద్ధం ఆడింది నేను నాన్నా."

వరండాలో పిల్లలు కిటికీ దగ్గరికి జరిగారు.

"మీరు ఒకచోటికే తిరిగి వచ్చారు. మూడుసార్లు. నేను విన్నాను. వెనకున్న అందరూ విన్నారు. చెల్లెలు ఒక్కతే నోరు తెరిచింది."

"విన్నవాడివి" అన్నాడు అఫా. "విన్నవాడివి ఎందుకు అందించలేదు?"

"నాకు రాదు నాన్నా."

"ఏమిటి రానిది?"

"ఆ తర్వాతి వాక్యం. నాకు గుర్తు లేదు." హరూనా కళ్లు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు. "మీరు నాకు గ్రంథం మొత్తం కంఠస్థం చేయించారు. నేను పూర్తిచేసిన రోజు మీరు పొట్టేలును కోసి ఊరంతటికీ విందు పెట్టారు. ఆ తర్వాత నేను దాన్ని పట్టించుకోలేదు. లెక్కలు, ఉద్యోగం, బదిలీలు. సగానికి సగం పోయింది. ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచి ఒకటే భయం. మీరు ఎప్పుడైనా వెనక్కి తిరిగి నన్ను అందించమంటారేమోనని. మీరు మర్చిపోయింది వయసు వల్ల. నేను మర్చిపోయింది అశ్రద్ధ వల్ల. నా తప్పు బయటపడుతుందని మీ తప్పు లేదన్నాను."

అఫా కొడుకునే చూస్తున్నాడు. తర్వాత తలతిప్పి, వరసగా బెంచీల్లో నిలబడ్డ పిల్లల్ని చూశాడు. లమీసి ముఖం చేతుల్లో దాచుకుంది. ఆయన చూపు వాళ్లందరి మీదుగా సాగి, తలుపు దగ్గర రొప్పుతూ నిలబడ్డ షేతు దగ్గర ఆగింది.

"నీకూ తెలుసా?" అని అడిగాడు భార్యను.

షేతు ఈసారి ముఖం మీదికి గుడ్డ లాక్కోలేదు. "తెలుసు" అంది. "చెప్పనిది మీకు కోపమొస్తుందని కాదు. మీరు బాధపడతారని."

అఫా తల ఊపాడు. సుద్దముక్క తీసి కూతురి చేతిలో పెట్టాడు, ఆమె ముఖం మాత్రం చూడలేదు. పిల్లలు దారి ఇచ్చారు. ఆయన వరండా దాటి, మైదానం దాటి వెళ్లిపోయాడు. హరూనా వెంట వెళ్లబోతే షేతు చెయ్యి పట్టుకుని ఆపింది.

*

వుంపిని బడి వదిలాక ఇంటికి వచ్చేసరికి ఆయన పెరట్లో వేరుశనగ కుప్ప ముందు కూర్చుని కాయలు వలుస్తున్నాడు. ఆయన ఎప్పుడూ చేసే పని కాదది. గింజలు ఒకవైపు, పొట్టు ఒకవైపు వేయాల్సింది రెండూ కలిపేస్తున్నాడు. వుంపిని పక్కన కూర్చుని గింజలు వేరుచేయసాగింది.

"నాకు తెలుసు" అన్నాడాయన కాసేపయ్యాక. "ఆ రోజు నమాజు సంగతి తెలియదు. అది నిజంగా తెలియదు. కానీ మిగతాది తెలుసు. నడుస్తూ ఉంటే దారి కనపడుతూనే ఉంటుంది. అడుగు వేసేసరికి అక్కడ ఉండదు. నీ చేత పాఠం చదివించుకుంటే, నువ్వు ముందు నడుస్తుంటే, నీ అడుగుల్లో అడుగులు వేసుకుంటూ వచ్చాను. నువ్వు కనిపెట్టలేదనుకున్నాను."

"మరి ఒక్కసారి కూడా ఎందుకు చెప్పలేదు నాన్నా?"

ఆయన వేళ్లు ఆగాయి. "నేను చిన్నప్పటి నుంచి ఒకటే విన్నాను. ఒకటే చెప్పాను కూడా. గుండెలో పెట్టుకున్న దైవవాక్యాన్ని పోగొట్టుకున్నవాడు తీర్పు రోజున దేవుడి ముందు తల ఎత్తలేడని. ఎంతమంది పిల్లల్ని ఆ మాటతో బెదిరించానో. ఇప్పుడు నాకు బడి పోతుందని భయం లేదు. ఊరు నవ్వుతుందనీ లేదు. ఆయన అడిగితే, నీ దగ్గర పెట్టింది ఏదని అడిగితే, ఏమని చెప్పను వుంపీ? రోజూ కొంచెం పోతోంది. పట్టుకుందామంటే చేతులు లేవు."

ఆయన ఏడవడం వుంపిని ఎప్పుడూ చూడలేదు. తమాలే పంపేటప్పుడు కూడా ఏడవలేదు. ఏడవడం ఆయనకే అలవాటు లేనట్టు, శబ్దం లేకుండా, భుజాలు మాత్రం కదులుతూ ఏడ్చాడు. ఆమెకు తను చదువుకున్న పుస్తకాల్లోంచి చెప్పడానికి చాలా ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు.

"నాన్నా, చిన్నప్పుడు నేను చాలా మర్చిపోయేదాన్ని. మీరు నన్ను ఎప్పుడైనా కొట్టారా?"

"నిన్నా? లేదు. నువ్వు చిన్నదానివి."

"మరి ఆ దేవుడికి మీరెంత పెద్దవాళ్లు?"

అఫా తల తిప్పి ఆమెను చూశాడు. వారం రోజులుగా పక్కకు తిప్పుకున్న చూపు అది. చాలాసేపు అలా చూసి, వేరుశనగ దుమ్ము అంటిన అరచెయ్యి ఆమె తలమీద పెట్టి, అలాగే ఉంచాడు. వంటపాక గుమ్మంలో షేతు వచ్చి నిలబడింది. ఇద్దర్నీ చూసి లోపలికి వెళ్లబోయి, వెళ్లలేక, అక్కడే గుమ్మం మీద కూలబడి ఏడ్చింది.

ఆ పూట సంకటి వుంపిని వండింది. ఆయన తిన్నాడు. పులుసులో ఉప్పు ఎక్కువైందని ఆయన సణిగితే తల్లీకూతుళ్లు ఒకరినొకరు చూసుకుని, నవ్వు ఆపుకోలేకపోయారు.

*

శుక్రవారం మసీదు కిక్కిరిసింది. ఆడపిల్ల క్షమాపణ చెబుతుందని వినడానికి పొరుగూరు నుంచి కూడా వచ్చారు. అఫా ముందుకు వెళ్లి నిలబడి, నమాజుకు తిరగకుండా జనం వైపే తిరిగాడు. ఆ సాయంత్రం తాను తప్పానని, తన కూతురు అందించిందని, అందించకపోతే అందరి నమాజూ తన వెనక దారి తప్పేదని చెప్పాడు. అందించే పని మొదటి వరుసదనీ, మొదటి వరుస నోరు కుట్టుకుంటే వెనక వరుస మాట్లాడక ఏం చేస్తుందనీ అన్నాడు. ముసలాళ్లు గడ్డాలు నిమురుకున్నారు. ఆమెను ఎవరి చేతిలోనో పెట్టెయ్యమన్న పెద్దాయన చాప మీది పోగులు లాగుతూ కూర్చున్నాడు. ఆ తర్వాత అఫా ఇంకొక అఫా చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చి నిలబెట్టి, తాను వెనక్కి వచ్చి కొడుకు పక్కన, భుజానికి భుజం ఆనించి నిలబడ్డాడు.

మర్నాడు ఎర్రమట్టి దారిలో పిల్లలు ఇంకా నీళ్లకు కూడా బయల్దేరకముందే హరూనా తండ్రి వాకిట్లోకి వచ్చాడు. హెడ్మాస్టరు బట్టల్లో కాదు, మామూలు లుంగీలో, నెత్తిన టోపీతో. చాప దులిపి తండ్రి ఎదురుగా పరుచుకుని, కాళ్లు మడిచి కూర్చున్నాడు.

"ఏంట్రా?" అన్నాడు అఫా.

"నాకు మళ్లీ మొదటి నుంచి చెప్పండి నాన్నా."

అఫా కొడుకును ఎగాదిగా చూశాడు. గడ్డంలో నెరిసిన వెంట్రుకలు, కళ్లద్దాలు, ముందుకు వస్తున్న పొట్ట. అంత పెద్ద మనిషి, ఒళ్లో చేతులు పెట్టుకుని, దెబ్బలకు సిద్ధమైన పిల్లాడిలా కూర్చున్నాడు. అఫా గొంతు సవరించుకుని, పసిపిల్లలకు అన్నిటికంటే ముందు నేర్పే చిన్న సూరా ఎత్తుకున్నాడు. హరూనా వెనకాలే అన్నాడు. ఒకటి అయ్యాక ఇంకొకటి. పొయ్యి దగ్గర వుంపిని గారెలు వేయడం ఆపి విన్నది. తండ్రి ఎక్కడా తడబడలేదు. ఎప్పుడో పసితనంలో నేర్చుకున్నవి, అన్నిటికంటే అడుగున ఉన్నవి, అవి ఇంకా కదల్లేదు.

పొద్దెక్కింది. బడి గంట వినపడింది. హరూనా లేవబోయాడు.

"రేపు ఇంకాస్త తొందరగా రా" అన్నాడు అఫా. "చిన్నవి ఇంకా నా దగ్గరే ఉన్నాయిరా. ఎన్నాళ్లుంటాయో తెలియదు. తొందరగా రా."